జమేదార్ సాబ్ లారీ ఎక్కిండు

"తాతా, నాకు లైసెన్సు వచ్చింది. సోమవారం కెల్లి నిజామాబాదుకు కారు నేనే నడుపుకుంట పోత. తొవ్వల పోలీసోళ్లు ఆపితే ఏం జెయ్యాలె?"

ఏం జేస్తవ్ బిడ్డ, ఆపితే ఆగాలె. అయిపాయె ముచ్చట. ఆ ఫోను నా మూతికాడ ఎందుకు వెట్టినవ్? రికార్డు అయితున్నదా? అయితె జర ఆగు, కట్టుడు పండ్లు వెట్టుకోని వస్త, లేకపోతె సగం మాటలు గాలిల పోతయ్... ఆఁ. ఇగ ఇను.

నవ్వకు. ఆగాలె అని సెప్పుడు అల్కనే, సేసుడే కష్టం. పోలీసాయన సెయ్యి లేపుతడు సూడు, గప్పుడు గుబులు వుడ్తది. తప్పు సేసినోనికీ వుడ్తది, సెయ్యనోనికీ వుడ్తది. ఆ గుబులుకు మనిషి నోట్లకెల్లి ఏదో ఒకటి దుంకుతది. అబద్ధం దుంకుతది, లేకపోతె కోపం దుంకుతది, లేకపోతె ఎవలో పెద్దమనిషి పేరు. 'నేను ఫలానా ఆయన సుట్టాన్ని తెల్సా' అని. ఆ దుంకిందే మనల ముంచేది. పోలీసాయన గాదు.

మా ఉస్తాద్ మస్తాన్ భాయ్ అని బోధన్‌ల ఉంటుండె. నాకు స్టీరింగు వట్టుడు నేర్పింది ఆయనే. మా బాపుకు ఇష్టం లేకుండె, 'ఎడ్లు మాట ఇంటయ్‌ర, ఆ ఇనుపది ఇంటదా' అనేటోడు. ఉస్తాద్ ఏమనేటోడంటె, 'అరే లింగా, పోలీసోని సెయ్యి మీదికి పోయిందంటె నీ కాలు కిందికి పోవాలె, బ్రేకు మీదికి. నడుమ తలకాయతోని పని లేదు.' బండి పక్కకు తియ్యాలె, ఇంజన్ బంద్ జెయ్యాలె. నోట్ల బీడి ఉంటె పారెయ్యాలె, నెత్తికి తువ్వాల ఉంటె ఇప్పాలె, కాయితాలు వట్టుకోని దిగాలె. మీ కార్లల్ల దిగాల్నో కూసునే ఉండాల్నో నాకు తెల్వది, ఆ ఆపినాయననే అడుగు. సేతులు మాత్రం ఆయనకు కనవడేటట్టు వెట్టు. అడిగినదానికి సెప్పు, అడగనిది సెప్పకు.

ఇవన్ని నాకు బరాబర్ తెల్సు బిడ్డ. తెల్సి గూడ మొదటిసారి అన్ని ఉల్ట సేసిన.

ఎప్పుడంటవా? ఆంధ్రప్రదేశ్ అయ్యి ఐదారేండ్లు అయి ఉంటది. ఐదో... కాదు, ఆరే, మా చిన్నమ్మ బిడ్డ పెండ్లయిన యేడు. నాకు ఇరువై రెండేండ్లు, పెండ్లి గాలె. మన కోటగిరి సుట్టుముట్టు కాలువ కింద అంత సెరుకే. సీజన్ల సడక్ సూడాలె, ఎడ్లబండ్లు సీమలబారు లెక్క, అన్ని బోధన్ శక్కర్ ఫ్యాక్టరీకే. బోధన్‌కు మూడు మైళ్ల ఇవుతల్నే తియ్యటి వాసన ముక్కుకు తగిలేది. లారీలు తక్కువ. మా సేటుకు ఒక్కటే ఉంటుండె, ముక్కు లారీ. హ్యాండిల్ ఏసి తిప్పితె గని లేవకపోయేది. రబ్బరు హారను, పిసికితె బర్రె అర్సినట్టు అర్సేది. చాయ్ పది పైసలు ఆనాడు, గిలాస నిండ పోసేటోళ్లు, ఇప్పటి లెక్క ఉగ్గుగిన్నెల పోసినట్టు గాదు. ఏం సెప్తున్న? ఆఁ, లారీ.

ఫ్యాక్టరీ కాడ సెరుకు తూకం ఏసెతందుకు లైను. ముంగట పోయినోనిది ముంగట. ఎన్క వడితె పొద్దుగూకేదాంక ఎండల నిలవడాలె. నాకూ పోశెట్టి అనేటోనికీ పోటి. వాడు ఇంకో సేటు లారీ నడిపేటోడు. దోస్తే, గని స్టీరింగు వట్టుకుంటె దుష్మన్. ఆ దినం పొద్దున ఎనిమిదయి ఉంటది, వాడు నా ముంగట పోతుండు. బోధన్ ఇంక రెండు మైళ్లున్నదనంగ కాలువ మీద సన్నటి వంతెన, ఒక్క బండే వడ్తది. దానికన్న ముంగటనే వాన్ని దాటాల్నని తొక్కిన. నిండ సెరుకు ఉన్నది, లారీ ఇటు ఊగుడు, అటు ఊగుడు. దాటిన. దాటి, వాని దిక్కు తిరిగి ఇట్ల మీసం తిప్పిన. మీసం ఏడున్నది గప్పుడు, నాలుగు ఎంటికెలు.

మీసం మీదికెల్లి సెయ్యి తీసి ముంగట సూద్దును గదా, వంతెన అవుతల జమేదార్ సాబ్. జమేదార్ అంటె ఇప్పటి హెడ్ కానిస్టేబుల్ అన్నట్టు. కరీం సాబ్ అని పేరు. నడీడు మనిషి, బొద్దు మీసాలు, ఖాకి లాగు, పిక్కలకు పట్టీలు. సైకిల్ సెట్టుకు ఆనిచ్చి, సెయ్యి లేపి సడక్ మీద నిలవడ్డడు.

కాలు అయితె పోయింది బ్రేకు మీదికి. గని నిండు లారీ, ఆగుమంటె ఆగుతదా? ఆయనను దాటి యాభై గజాలు పోయి ఆగింది. ఆయన మీద దుమ్ము. దుమ్ములకెల్లి రెండు సెరుకు గడలు ఆయన టోపీకి తాకి కిందవడ్డయట. నాకు తర్వాత ఆయనే సెప్పిండు.

దిగాలె గదా? దిగలె. జేబు తడుముకుంటె లైసెన్సు లేదు. పండుగ అంగి జేబుల ఉన్నది, అంగి ఇంట్ల దండెం మీద ఉన్నది. నోట్ల బీడి గట్లనే ఉన్నది, నెత్తికి తువ్వాల గట్లనే ఉన్నది. పక్కకెల్లి పోశెట్టిగాడు హారను గొట్టుకుంట దాటిపోయిండు.

సాబ్ మొకం తుడ్సుకుంట వచ్చిండు. "దిగు" అన్నడు.

నేను స్టీరింగు ఇడ్వలె.

"దిగవా? గింత ఉర్కుడేందిర? ఏడ కొంపలు అంటుకున్నయ్?"

ఒట్టు బిడ్డ, ముందుగాల సోంచాయించింది గాదు. నోరే అన్నది. "సాబ్, నా పెండ్లం నొప్పులు వడ్తున్నది సాబ్. బోధన్ దవఖానల. ఇప్పుడే కబురొచ్చింది."

పెండ్లి గానోనికి పెండ్లమేడిది? నా లెక్కేందంటె, 'సరె పో' అంటడు, పోత. గని ఆయన మొకం, అంత దుమ్ము గొట్టుకపోయి ఉన్నదా, ఒక్కపారే మెత్తవడ్డది.

"నా బిడ్డ పుట్టిననాడు నేను నందిపేటల జాతర బందోబస్తుల ఉంటి" అన్నడు. "పదకొండో దినం సూసిన దాని మొకం. నువ్వట్ల గావొద్దు. నడువ్."

నడువ్ అని పక్కకు జరుగుతడనుకున్న. ఆయనేం జేసిండు? సైకిల్ లేపి సెరుకు మీద ఏసిండు. అవుతల దిక్కుకెల్లి లారీ ఎక్కి నా పక్కన కూసున్నడు. "తొవ్వల బండ్లు అడ్డమొస్తయ్, నేనుంటె జల్ది పోతం" అన్నడు.

ఇగ సూడు నా బతుకు. కిటికీలకెల్లి సగం బయటికి వంగి సీటీ ఊదుతున్నడు. ఎడ్లబండ్లన్ని పక్కకు. పోశెట్టి లారీ గూడ పక్కకు! వాడు నోరు తెర్సి సూస్తున్నడు. ఇంకో దినమైతె పండుగ సేసుకునేటోన్ని, ఆ దినం మీసం దిక్కు సెయ్యి గూడ పోలె. సాబ్ నడుమ నడుమ లోపలికి వచ్చి అడుగుతున్నడు.

"మొదటి కాన్పా?"

"అవు సాబ్."

"ఎన్నో నెల?"

"పదకొండు సాబ్."

"పదకొండా?"

"తొమ్మిది సాబ్. పరేషాన్ల అన్న."

"పేరేంది ఆమెది?"

"పోశవ్వ."

మనసు పోశెట్టి మీద ఉండె గదా, గందుకు ఆ పేరొచ్చింది. నా ఇంటామె, మీ అవ్వకు ఇప్పటికీ కోపమొస్తె 'పో, నీ పోశవ్వనే వండిపెడ్తది' అంటది. ఆయన నా ఈపు మీద తట్టుకుంట, "ఫికర్ సెయ్యకు, దేవుడు సల్లగ సూస్తడు" అంటున్నడు. తట్టినప్పుడల్ల నాకు దెబ్బ తాకినట్టే ఉన్నది. ఫ్యాక్టరీ తొవ్వ వచ్చింది, పోయింది. లైను సూసిన, అంత దూరం నిలవడ్డరు. నేను సెరుకు నింపుకోని దవఖానకు పోతున్న.

దవఖాన ముంగట సెరుకు లారీ నిలవెడితె ఎట్లుంటది? మేకలొచ్చినయ్, ఆవులొచ్చినయ్, పేషెంట్లకు తోడొచ్చిన సుట్టాలొచ్చిండ్రు. ఎవరికి అందిన గడ వాళ్లు గుంజుతున్నరు. నేను ఏమనాలె? సాబ్ నా రెట్ట వట్టుకోని లోపలికి ఉర్కుతున్నడు.

మేరమ్మ అని కేరళ నర్సమ్మ. మంచి మనిషి. ఆమె తెలుగు మాత్రం ఆమెకే తెల్సు. పుస్తకం తీసి వేలు వెట్టి సూసింది. "పోశవ్వ లేదు. ముగ్గురు ఆడవాళ్లు ఉన్నది లోపల. పోశవ్వ ఎవరూ కాదు."

"సక్కగ సూడమ్మా" అన్నడు సాబ్.

"సక్కగా లేదు సార్."

ఇప్పుడు దొరికిపోయిన అనుకున్న. తిడ్తడు, ఠాణాకు గుంజుకపోతడు. గని ఆయన నా దిక్కు తిరిగిండు, మొకంల రంగు లేదు. "బండిల తోల్కొస్తున్నరా? ఎవలున్నరు తోడు? ఏ తొవ్వ? కాలువ గట్టు మీదికెల్లి గిట్ల వస్తున్నరా?" ఆయనే అన్నడు, "గట్టు మంచిగ లేదు, నిన్ననే ఒక బండి బోల్తవడ్డది." అని గేటు కాడ ఇద్దరు కానిస్టేబుళ్లుంటె పిల్సిండు. "నువ్వు గట్టు దిక్కు పో, నువ్వు సడక్ దిక్కు పో. బండి కనవడినోడు ఎంటనే ఈడికి తోల్కోని రావాలె." వాళ్లు సైకిళ్లు తీస్తున్నరు. మేరమ్మకు సెప్తున్నడు, ఒక మంచం తయారు వెట్టుమని. నాకు ముంతల నీళ్లు తెచ్చి "తాగు, ఏం గాదు" అని ఇచ్చిండు.

ఆ ముంత సేతుల వట్టుకున్న సూడు బిడ్డ, గప్పుడు తాగలేకపోయిన.

"సాబ్" అన్న, "పోశవ్వ లేదు సాబ్."

"లేదంటె?" అని నా రెండు భుజాలు వట్టుకున్నడు. "అయ్యో... ఎప్పుడు?" సచ్చిపోయిందనుకున్నడు మనిషి!

"గట్ల గాదు సాబ్. అసలుకే లేదు. నాకు పెండ్లి గాలె. లైసెన్సు మర్సిపోయిన, బుగులుకు అన్న."

బయట మేకలు సెరుకు నములుతున్నయ్. సాబ్ భుజాలు ఇడ్సిండు. కానిస్టేబుళ్లను వాపసు పిల్సిండు. బెంచి మీద కూసోని టోపీ తీసి పక్కన వెట్టుకున్నడు. కొడ్తడని నేనే సెంప ముంగటికి వెట్టిన. కొట్టలె. కొడ్తె బాగుండు అనిపిచ్చింది.

సల్లగ అడిగిండు. "రేపు ఇంకొకడు వస్తడు. నిజంగనే పెండ్లం నొప్పులు వడ్తుంటది. ఉరికొస్తడు. నేను ఆన్ని నమ్మాల్నా, వద్దా? నువ్వే సెప్పు."

ముంత తీస్కపోయి ఆయన పక్కన బెంచి మీద వెట్టిన.

ఆయన పుస్తకం తీసి చలాన్ రాస్తున్నడు. ఇష్టమున్నట్టు నడిపిండని, లైసెన్సు లేదని. కోర్టు, లైసెన్సు రద్దు, సేటు 'పో'మంటడు, మళ్ల బాపు ఎడ్ల ఎన్క. అన్ని కండ్ల ముంగట తిరుగుతున్నయ్. అంతల మేరమ్మ అన్నది. "సార్, పోశవ్వ లేదు. కాని లారీ ఉన్నది కదా? లోపల ఒక తల్లి మూడు రోజులు అయింది, ఇంటికి పోవాలి, బండి రాలేదు."

సాబ్ కలం ఆగింది. లారీ దిక్కు సూసిండు. నన్ను సూసిండు.

"రాసిన చలాన్ నా జేబుల ఉంటది" అన్నడు. "రేపు లైసెన్సు తెచ్చి సూపెట్టు. సీజన్ అయ్యేదాంక సెరుకు దించి ఖాళీగ పోయెటప్పుడు దినాం ఈడికి రావాలె. మీ దిక్కు పోయే బాలింత ఎవలున్నా ఇంటికాడ దించాలె. ఒక్కనాడు తప్పినా కోర్టుకు వోతది. ఇంకొక్క అబద్ధమాడినా కోర్టుకు వోతది."

మా సేటుకు నేనే పోయి అంత సెప్పిన. ఆయన నవ్వి నవ్వి, "ఖాళీగ వచ్చేటిదే గదర, తీస్కపో, గని మేకలు తిన్న సెరుకు ముచ్చట ఇంకోసారి ఇనొద్దు నేను" అన్నడు.

ఆ దినం కెల్లి మొదలు. సీటు మీద గొంగడి పరుస్తుంటి. పక్కన బాలింత, ఆమె ఒళ్లె పసిగుడ్డు, ఎన్క ఆమె తల్లో అత్తో. ఒక్క గుంతల వడితె సాలు, ఎన్కకెల్లి ముసలవ్వ తిట్లు. 'నీ లారీల మన్నువడ, పచ్చి బాలింతరా!' అని. గట్ల తిట్లు తినుకుంట తినుకుంట నేను లారీ నడుపుడు నేర్సుకున్న. అంతకు ముంగట నేర్సుకున్నది ఉర్కిచ్చుడు, నడుపుడు గాదు. పసిపిల్ల నిద్రవోతుంటె బ్రేకు ఎట్ల తొక్కాల్నో ఏ ఉస్తాదూ నేర్పడు.

పోశెట్టిగాడు 'బాలింతల లారీ వస్తున్నది, జరుగుండ్రి' అని లైనుల అందరి ముంగట అనేటోడు. అది పోనీ. ముప్కాల్ దిక్కు కెల్లి నాకు పిల్లనియ్య ఇద్దరు పెద్దమనుషులు వచ్చిండ్రు. ఇంటికి వస్తుండంగ తొవ్వలనే నా లారీ ఎదురైంది. పక్కన ఒకామె, ఒళ్లె పిల్లగాడు. 'ఎవలామె?' అన్నరు. 'తెల్వది' అన్న. నిజమే గదా, తెల్వదు. వాళ్లు మా ఇంట్ల చాయ్ గూడ తాగకుండ వాపసు పోయిండ్రు. మా అవ్వ, నన్ను కన్నామె, రెండు దినాలు నాతోని మాట్లాడలె.

ఏమన్నవ్?

"పోలీసోళ్లందరు గట్లనే మంచిగుంటరా తాతా?"

ఉండరు బిడ్డ. ఉంటరని నేనెట్ల సెప్త? ఒకసారి నందిపేట తొవ్వల నా తప్పు లేకుంటనే ఒకడు సెంప మీద ఏసిండు. కాయితాలన్ని సేతుల వట్టుకోని నిలవడ్డోన్ని ఏసిండు. నా నెత్తురు ఉడికింది. ఉస్తాద్ పక్కనుండె, నా సెయ్యి గట్టిగ వట్టుకున్నడు. 'సడక్ మీద ఆనిదే రాజ్యం, ఈడ కొట్లాడకు. వాని బిల్ల మీద నంబరు సూడు, యాది వెట్టుకో' అన్నడు. మర్నాడు ఇద్దరం పోయి పెద్ద ఆఫీసర్‌కు అర్జీ రాసిచ్చినం. ఏమైందో నాకు తెల్వది, గని ఆ మనిషి మళ్ల ఆ తొవ్వల కనవడలె. నువ్వు గూడ గంతే. మాట పడ్డవా, ఆడ మింగు, తర్వాత కాయితం మీద కక్కు. మింగి ఊకుండుడు గాదు, సమజైందా? ఆడపిల్లవు, ఇంకో మాట. నలుగురున్న కాడనే ఆగు, అద్దం సగమే దించు, ఇంటికి ఫోను జెయ్యి.

సరె. ఏడిదాంక వచ్చినం? నిజామాబాదు. ఆ, అది సెప్పలె గదా ఇంక.

సీజన్ ఆఖరుకొచ్చింది. సేటు లారీ సామాను ఏదో తెమ్మని నిజామాబాదు పంపుతున్నడు. మేరమ్మ అన్నది, 'గంగవ్వ అని మీ కోటగిరి అవుతల పల్లె ఆమె, కష్టం కాన్పని అక్కడికి పంపినాము, కవలలు పుట్టింది, వచ్చేటప్పుడు తీసుకొని రా' అని. పోయిన. ఆమెకు తోడున్న అత్త, బండి తోలిపిస్తనని ముందుదినమే ఊరికి పోయిందట. ఆమె ఒక్కతే ఉన్నది, ఒక్కొక్క సేతిల ఒక్కొక్క పిల్ల. ఎక్కిచ్చుకున్న. రైల్వే గేటు కాడికొచ్చినం, ఒక కొత్త ఇన్స్‌పెక్టర్ సెయ్యి లేపిండు.

ఈసారి సూడాలె నన్ను. పక్కకు తీసిన, ఇంజన్ బంద్ జేసిన, తువ్వాల ఇప్పిన, కాయితాలు వట్టుకోని దిగి సీదగ నిలవడ్డ. అన్ని సూసిండు. అన్ని బరాబర్ ఉన్నయ్. లోపలికి తొంగి సూసిండు.

"ఎవరామె?"

"గంగవ్వ సార్."

"నీకేమైతది?"

"ఏం గాదు సార్."

"పిల్లలెవరి పిల్లలు?"

"ఆమె పిల్లలు సార్. నా పిల్లలు గారు."

"ఎప్పటి కెల్లి ఎరుక ఆమె నీకు?"

"గంట అయింది సార్."

ఆయన కండ్లు సన్నగైనయ్. "ఎరుక లేని ఆడమనిషిని, రెండు పసిగుడ్లను లారీల ఏసుకోని ఏడికి తీస్కపోతున్నవ్‌ర?"

"ఇంటికాడ దించుతందుకు సార్. నాకు శిక్ష సార్ అది."

"ఏం శిక్ష?"

"పెండ్లం నొప్పులు వడ్తున్నదని అబద్ధమాడిన సార్. పెండ్లం లేదు సార్. గందుకు బోధన్ జమేదార్ సాబ్..."

నాకే ఇంటుంటె పచ్చి అబద్ధం లెక్క ఉన్నది బిడ్డ! ఉన్నది ఉన్నట్టు సెప్తున్న, ఒక్క ముక్క నమ్మెటట్టు లేదు. పిల్లల నెత్కపోయేటోడు దొరికిండని ఆయన లెక్క. 'నడువ్ ఠాణాకు' అన్నడు. గంగవ్వ తలకాయ బయటికి వెట్టి, "సార్, ఆయన సెప్పేది నిజమే" అన్నది. "నిన్ను గూడ బెదిరిచ్చి పెట్టిండా?" అన్నడాయన.

లారీల కూసోంగనె గంగవ్వ నా సెవుల అన్నది. "అయ్యా, నీకు దండం వెడ్త. నా అన్న అని సెప్పు. ఒక్క మాటతోని అయిపోతది. పిల్లలకు ఆకలైతున్నది."

ఒక్క మాట. వరుసకు ఎవలైన అన్ననే గదా, అంటె ఏం తప్పు? నోటి కొసకు వచ్చింది. నిజం సెప్తున్న, వచ్చింది. చలాన్ బుగులు గాదు నాకు గప్పుడు. ఆ ముంత యాదికొచ్చింది, నీళ్లు తాగుమని ఇచ్చిన ముంత. "అక్కా, నాతోని గాదు" అన్న. ఆమె మొకం అవుతలికి తిప్పుకున్నది.

జమేదార్ సాబ్‌ను అడుగుతందుకు బోధన్‌కు ఫోను కలుస్తలేదని ఠాణాల రెండు గంటలు కూసోవెట్టిండ్రు. ఎన్క క్వార్టర్ల కానిస్టేబుల్ ఇంటామె గంగవ్వను లోపలికి పిల్సి పిల్లలకు పాలిప్పిచ్చింది, ఇంత బువ్వ వెట్టింది. నేను గోడకు ఆనుకోని కూసున్న. కరీం సాబ్ లేకపోతె? ఉండి గూడ 'నాకు తెల్వదు' అంటె? నన్ను జేలుల ఏస్తె మా అవ్వ ఎట్ల? గిదంత సోంచాయిస్తున్న.

ఆఖరుకు బోధన్‌కు ఫోను కలిసింది. గప్పటి ఫోన్లు గిట్ల గాదు, అర్సాలె. అవుతల కరీం సాబ్ అరుపు నా దాంక వస్తున్నది.

"సార్, ఆమె ఎవరన్నడు వాడు?"

"ఏం గాదు అంటున్నడు."

"పెండ్లం అనలేదా?"

"అనలే."

"చెల్లె?"

"అనలే."

ఇగ అవుతల నవ్వు. ఆ నవ్వుకు ఇన్స్‌పెక్టర్ ఫోను సెవు కెల్లి దూరం వట్టుకున్నడు. "సార్, వాడు సెప్పేదంత నిజమే. వదిలెయ్యండి. పిల్లలు జాగ్రత్త అని సెప్పండి."

ఇన్స్‌పెక్టర్ ఫోను వెట్టి నా దిక్కు తిరిగిండు. మంచి మనిషే, గని ఆనాడు నాకు యముని లెక్క కనవడ్డడు. "నిజం గిట్ల ఉంటె మేమెట్ల నమ్మాలె?" అన్నడు. చాయ్ తెప్పిచ్చిండు. రైల్వే గేటు దాటేదాంక ఒక కానిస్టేబుల్‌ను తోడిచ్చిండు.

బోధన్ దాటినంక గంగవ్వ ఒక్కటే అన్నది, "నీ అసొంటి మొండోన్ని నేనేడ సూడలె." ఇంటికాడ దించిన. పొద్దు ఇంక ఉండె.

సీజన్ ఆఖరు దినం కరీం సాబ్ చలాన్ తీసి నా ముంగట్నే నాలుగు ముక్కలు సేసిండు. నేను అడిగిన. "సాబ్, నా తర్వాత ఎవడన్న గట్ల ఉరికొచ్చిండా, పెండ్లం నొప్పులని?"

"ఇద్దరొచ్చిండ్రు."

"నమ్మిండ్రా?"

"ఇద్దరిని నమ్మిన. ఒకడు నీ అసొంటోడు." మీసాలు తుడ్సుకున్నడు. "ఇంకొకని పెండ్లం లారీ లోపల్నే ఉండె. ఆన్ని నమ్మకుంట ఆపితె ఏమయ్యేది?"

గంతే అన్నడు. సైకిల్ ఎక్కి పోయిండు. రేపటి కెల్లి రానక్కరలేదని గూడ అన్నడు. గని మర్నాడు సామాను ఏసుకోని బోధన్ పోయిన, ఏం పని లేకున్నా దవఖాన గేటు కాడ లారీ ఆపిన. మేరమ్మ 'ఇద్దరు ఉన్నది' అన్నది. నేను లారీ నడిపినన్ని యేండ్లు గట్లనే నడ్సింది. ఎంతమందిని దించిన్నో లెక్క లేదు. ఇప్పటికీ అంగడిల ఎవలో ఒకలు, 'నేను పుట్టి నీ లారీలనే ఇంటికొచ్చిన్నట తాతా' అంటరు. సంబురమైతది.

ఆ యెండకాలం మా ఇంటికి ఒక ముసలాయన, ఇంకొకాయన వచ్చిండ్రు. మా అవ్వ భయపడ్డది, మళ్ల ఏం పంచాయితి తెచ్చిండో వీడని. ముసలాయన గంగవ్వ తండ్రి, ఇంకొకాయన ఆమె పెనిమిటి. గంగవ్వ తర్వాత ఇంకో చిన్న బిడ్డ ఉన్నది, ఇస్తమన్నరు. గంగవ్వనే తోలిందట. 'ఠాణాల కూసోవెట్టినా అబద్ధమాడలె ఆ మొండోడు, నేను బతిమాలినా ఆడలె. చెల్లెను ఇయ్యుండ్రి, సుఖపెడ్తడో లేదో తెల్వది గని మోసం సెయ్యడు' అన్నదట. ఆ చిన్నబిడ్డనే మీ అవ్వ. అగో, వంటింట్లకెల్లి నవ్వుతున్నది, ఇంటున్నదన్నట్టు. ఏమే, సుఖపెట్టిన్నా లేదా? ...సూసినవా, జవాబు లేదు. ఆమె గూడ అబద్ధమాడది.

ఇగ లే బిడ్డ, పొద్దువోయింది. నువ్వు పోయేటి ప్రతి తొవ్వ నీకు తెల్లగ కనవడాలె. నిన్ను ఆపినోడు గూడ నిన్ను సూసి మంచిగ మాట్లాడాలె. పొయ్యిన కాడ పని గావాలె, పొద్దుగూకకముందు ఇల్లు జేరాలె. సల్లగ పో, సల్లగ రా. నూరేండ్లు నడుపు, గని ఒక్కనాడే నూరేండ్ల దూరం పోవాల్నని ఉర్కకు... ఆఁ, గంతే. దా, దగ్గరికి దా, నెత్తి మీద సెయ్యి వెడ్త.